అడుగులు, క్యూసెక్కులు, టీఎంసీలు: సీమ నీళ్ళ లెక్కలో కొలతల శాస్త్రం

ఆగస్టులో కృష్ణకు వరద తగిలిందంటే కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో మూడు అంకెలు ఊరూరా తిరుగుతాయి. శ్రీశైలం నీటిమట్టం ఇన్ని అడుగులు, ఇన్‌ఫ్లో ఇన్ని క్యూసెక్కులు, నిల్వ ఇన్ని టీఎంసీలు. టీ అంగడి మొదలుకొని శాసనసభ దాకా వాదమంతా ఈ మూడింటి చుట్టూ నడుస్తుంది. వాదించేవారిలో చాలామంది ఒకటి చెప్పి మరొకటి ఉద్దేశిస్తుంటారు.

మూడూ నీటి గురించినవే అయినా భౌతికశాస్త్రం దృష్టిలో మూడు వేరువేరు రాశులు. మట్టం అనేది పొడవు. నిల్వ ఘనపరిమాణం, అంటే పొడవును మూడుసార్లు గుణించగా వచ్చేది. ఇన్‌ఫ్లో ఘనపరిమాణాన్ని కాలంతో భాగించగా వచ్చేది. మితులు వేరైన రాశులను కలపరాదు, పోల్చరాదు, ఒకదాని స్థానంలో ఇంకొకటి వాడరాదు అని ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం తొలి పాఠాల్లోనే ఉంది. విద్యార్థులు ఆ పాఠాన్ని సులువైన మార్కుల కోసం చదివి, చలన సమీకరణాలు వచ్చేసరికి మరచిపోతారు. నీటి వాటా మీద బతుకు ఆధారపడిన నేలలో అలా మరచిపోదగ్గ పాఠం కాదది.

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీటి ప్రవాహం, సుమారు 28.3 లీటర్లు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. సుమారు 2,832 కోట్ల లీటర్లు. రోజుకు 86,400 సెకన్లు కనుక ఒక క్యూసెక్కు రోజంతా పారితే 86,400 ఘనపుటడుగులు చేరతాయి. వంద కోట్లను ఈ సంఖ్యతో భాగిస్తే 11,574 వస్తుంది. అంటే 11,574 క్యూసెక్కుల ప్రవాహం ఒక పగలూ ఒక రాత్రీ నిలకడగా సాగితే ఒక టీఎంసీ అవుతుంది. సీమ నీటి చర్చలో ఇంతకన్నా పనికొచ్చే సంఖ్య మరొకటి లేదని నా అభిప్రాయం.

పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్‌ను మొదట సుమారు 11 వేల క్యూసెక్కులకు కట్టారు. రోజుకు ఒక టీఎంసీకి కొంచెం తక్కువ. తర్వాత దాన్ని 44 వేలకు పెంచారు. అంటే రోజుకు 3.8 టీఎంసీలు. 2020లో ప్రతిపాదించిన రాయలసీమ ఎత్తిపోతల పథకం రోజుకు 3 టీఎంసీలు ఎత్తిపోయాలన్నది. క్యూసెక్కుల్లో చెబితే 34,722. అయితే ఈ సంఖ్యలన్నీ తూముల, పంపుల శక్తిని చెప్పేవే. ఏడాదిలో ఎంత నీరు తీసుకున్నారో వీటిని చూసి ఎవరూ చెప్పలేరు. గేట్లు పది రోజులు తెరిస్తే ఒక లెక్క, అరవై రోజులు తెరిస్తే ఇంకో లెక్క. ఒకరు క్యూసెక్కులు చూపి అన్యాయం అంటే, మరొకరు టీఎంసీలు చూపి న్యాయం అంటే, ఇద్దరి మధ్యా తప్పిపోయినది రోజుల సంఖ్య. కడప జిల్లాలోని గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. అది ఖాళీగా ఉండి, పది వేల క్యూసెక్కులు ఎడతెగకుండా వచ్చినా నిండడానికి ముప్పై ఒక్క రోజులు పడుతుంది. "నీళ్ళు వదిలారు కదా, చెరువులు ఇంకా నిండలేదేం?" అని వారానికే అడిగేవారు ఈ భాగహారం ఒకసారి చేసుకోవాలి.

ఘనపరిమాణాన్ని వైశాల్యంతో భాగిస్తే మళ్ళీ పొడవు మిగులుతుంది. రైతుకు అక్కరకొచ్చే కొలత అదే. ఒక టీఎంసీ నీటిని అడుగు లోతున పరిస్తే దాదాపు 23 వేల ఎకరాలు తడుస్తాయి. కర్నూలు-కడప కాలువనే తీసుకుందాం. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860లలో పడవలు తిరగడానికీ పొలాలు పారడానికీ కలిపి తవ్వించగా, 1882లో ప్రభుత్వం కొనుక్కున్న కాలువ ఇది. తుంగభద్ర మీద సుంకేశుల దగ్గర మొదలై కడప దాకా సాగుతుంది. కృష్ణ నీటిని పంచిన బచావత్ ట్రిబ్యునల్ దీనికి కేటాయించినది 39.9 టీఎంసీలు, ఆయకట్టు సుమారు 2.65 లక్షల ఎకరాలు. భాగిస్తే ఎకరాకు దాదాపు మూడున్నర అడుగుల నీరు, అంటే 1,050 మిల్లీమీటర్లు. ఈ జిల్లాల్లో ఏడాది సగటు వాన 600 నుంచి 700 మిల్లీమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. కాలువ నీరూ వాన నీరూ ఒకే కొలతలోకి వచ్చాయి కనుక పోల్చుకోవచ్చు: కేటాయింపు పూర్తిగా అందిన ఏడు కాలువ కింది పొలానికి ఆకాశం ఇచ్చేదానికి ఒకటిన్నర రెట్లు కాలువ ఇస్తుంది. దారిలో ఇంకిపోయేది, ఆవిరయ్యేది తీసేసినా కాలువ కింది రైతుకూ కాలువ పైనున్న రైతుకూ ఎంత తేడానో ఈ ఒక్క లెక్కలో కనిపిస్తుంది.

ఇక మట్టం. శ్రీశైలం పూర్తిస్థాయి నీటిమట్టం 885 అడుగులు అంటాం. అంత లోతు నీరు అక్కడ ఉందని దాని అర్థం కాదు. ఎత్తును కొలవాలంటే మొదట సున్నా ఎక్కడో తేల్చుకోవాలి. మన దేశంలో ఆ సున్నా సగటు సముద్రమట్టం. కరాచీ, బొంబాయి నుంచి మద్రాసు, విశాఖపట్నం దాకా తొమ్మిది రేవుల్లో ఆటుపోట్ల మట్టాన్ని ఏళ్ళ తరబడి కొలిచి, వాటిని ఆధారం చేసుకుని 1909 నాటికి సర్వే ఆఫ్ ఇండియా దేశమంతటికీ ఒక ఎత్తుల వ్యవస్థను ఏర్పరచింది. నల్లమల నడుమ కట్టిన ఆనకట్ట గోడ మీది గీతకు మూలం సముద్రతీరాన ఉందన్నమాట. పోతిరెడ్డిపాడు తూముకు నీరందాలంటే మట్టం 841 అడుగులు దాటాలి, 854 ఉంటే ఇంత, 881 ఉంటే అంత అని సీమలో వినిపించే మాటలన్నీ ఈ సున్నా నుంచి లెక్కించినవే.

మట్టానికీ నిల్వకూ ఉన్న సంబంధం సరళరేఖ కాదు. జలాశయం లోయలాంటిది, అడుగున ఇరుకు, పైకి పోయేకొద్దీ వెడల్పు. శ్రీశైలంలో 884 నుంచి 885కు ఒక్క అడుగు పెరగాలంటే ఐదు టీఎంసీలకు పైగా రావాలి. 850 ప్రాంతంలో ఒక్క అడుగు పెరగడానికి అందులో సగం కూడా అక్కర్లేదు. అందుకే వరద తొలి రోజుల్లో మట్టం గబగబా పెరిగి, చివర్లో మొండికేసినట్టు కనిపిస్తుంది. ఇన్‌ఫ్లో తగ్గిందని అనుమానించనవసరం లేదు.

నిల్వను మాత్రం ఎవరూ నేరుగా కొలవరు. మట్టం కొలిచి, పట్టిక చూసి నిల్వ చెబుతారు. ఆ పట్టికకు ఆధారం జలాశయం అడుగు ఆకారం. అడుగున మట్టి మేట వేస్తే పట్టిక అబద్ధమాడుతుంది. కాబట్టి అప్పుడప్పుడు పడవ మీద నుంచి నీటిలోకి ధ్వనిని పంపి, అడుగుకు తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని కొలుస్తారు. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,480 మీటర్లు పోతుంది. కాలాన్ని దానితో గుణించి సగం చేస్తే లోతు. అలా కొలుస్తూ రాగా, కట్టినప్పుడు 308 టీఎంసీలన్న శ్రీశైలం ఇప్పుడు 215.8 టీఎంసీలకు దిగింది. నీరు నిలవాల్సిన చోట తొంభై టీఎంసీలకు పైగా మట్టి నిలిచింది.

తుంగభద్ర జలాశయం కథ ఇంకా ఆలోచింపజేస్తుంది. మొదట 132 టీఎంసీల పైచిలుకు ఉన్న దాని సామర్థ్యం 2008 నాటి సర్వేలో 100.855కు తగ్గినట్టు తేలింది. తర్వాతి సర్వే దాన్ని 105.788 టీఎంసీలుగా చూపింది. మధ్యలో ఎవరూ పూడిక తీయలేదు. మట్టి తనంతట తాను లేచిపోలేదు. కొలిచే పద్ధతి మారింది, సంఖ్య మారింది. రెండు సర్వేల మధ్య తేడా దాదాపు ఐదు టీఎంసీలు ఉన్నప్పుడు, ఆ సంఖ్యను మూడు దశాంశ స్థానాల దాకా రాయడంలో అర్థమేమిటి? పంపకంలో ప్రతి చుక్కా లెక్కించాలనే ఆత్రం కారణమైతే అర్థం చేసుకోగలం. కానీ పరికరం ఇవ్వని కచ్చితత్వాన్ని కాగితం మీద దశాంశాలు తెచ్చిపెట్టలేవు.

ఇదే సార్థక సంఖ్యల పాఠం. శాస్త్రంలో ఒక కొలతను రాయడమంటే రెండు సంగతులు చెప్పడం: విలువ ఎంత, ఆ విలువను ఎంతవరకు నమ్మవచ్చు. నది ప్రవాహాన్ని కొలిచేవారు నది అడ్డుకోతను నిలువు ముక్కలుగా విభజించి, ఒక్కో ముక్కలో నీటి ఉపరితలం నుంచి పదింట ఆరు వంతుల లోతులో వేగాన్ని కరెంట్ మీటరుతో కొలిచి, వైశాల్యంతో గుణించి, అన్నీ కూడతారు. పరిస్థితులన్నీ అనుకూలించినా ఇందులో నూటికి ఐదు పాళ్ళ దోషం మామూలు. వరదలో దుంగలు, చెత్త కొట్టుకొస్తున్నప్పుడు ఇంకా ఎక్కువ. అటువంటప్పుడు ఇన్‌ఫ్లో 3,27,419 క్యూసెక్కులు అని ఎవరైనా రాస్తే అందులో మొదటి అంకె ఒక్కటే నమ్మదగ్గది, రెండోది అనుమానం, మిగతా నాలుగు అలంకారం. 3.3 లక్షల క్యూసెక్కులు అని రాస్తే పాఠకుడికి అర్థమూ అవుతుంది, నిజమూ అవుతుంది.

జలాశయంలోకి వచ్చే నీటిని లెక్కగట్టే మరో పద్ధతి ఉంది. బయటికి వదిలిన నీటికి, ఆ సమయంలో పెరిగిన నిల్వను కలిపి, కాలంతో భాగించడం. వినడానికి తేలిక. దోషం ఎలా పెరుగుతుందో చూడండి. నిండు జలాశయంలో ఒక అడుగు అంటే ఐదున్నర టీఎంసీలు అనుకుందాం. గాలికి అలలు లేచి మట్టం చదవడంలో ఒక్క అంగుళం తేడా వచ్చిందంటే దాదాపు 0.46 టీఎంసీ తేడా. ఒక గంట వ్యవధికి లెక్కగడితే ఇది సెకనుకు 1.27 లక్షల ఘనపుటడుగులకు సమానం. అంటే గోడ మీద ఒక అంగుళం తప్పు చదివితే లెక్కలో లేని వరద ఒకటి పుట్టుకొస్తుంది, లేదా ఉన్న వరద మాయమవుతుంది. అదే అంగుళం తప్పు ఇరవై నాలుగు గంటల వ్యవధికి పంచితే 5,300 క్యూసెక్కులకు దిగుతుంది. వ్యవధి పెరిగేకొద్దీ దోషం తగ్గుతుంది. కానీ వరద ముంచుకొస్తున్నప్పుడు రోజంతా ఆగి సగటు తీసే తీరిక ఎవరికుంటుంది?

2009 అక్టోబరు 2న కర్నూలు నగరం మునిగిన నాటి సంఖ్యలను ఈ కంటితోనే చదవాలి. తుంగభద్ర, హంద్రీ నీళ్ళు నగరంలోకి రాగా, దిగువన శ్రీశైలానికి చేరిన వరద 25 లక్షల క్యూసెక్కులకు పైగా ఉందని లెక్కగట్టారు. జలాశయం మట్టం 885 దాటి 896 అడుగుల పైకి పోయింది. 25 లక్షల క్యూసెక్కులను 11,574తో భాగించండి. రోజుకు 216 టీఎంసీలు. ఆ ఉద్ధృతి ఒక్క రోజు తగ్గకుండా నిలిచి ఉంటే, నేటి లెక్కన ఖాళీ శ్రీశైలం సూర్యోదయం నుంచి మర్నాటి సూర్యోదయానికి నిండిపోయేది. ఆ లెక్కలో రెండు లక్షలు ఇటూ అటూ ఉన్నా ఈ మాట మారదు. పెద్ద సంఖ్యల విషయంలో చివరి అంకెలకన్నా వాటి స్థాయిని పట్టుకోవడం ముఖ్యం.

అడుగులనూ ఘనపుటడుగులనూ మనం ఇంకా ఎందుకు మోస్తున్నాం? 1956లోనే తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ పద్ధతి విడతలవారీగా అమలైంది. సేర్లు, మణుగులు పోయి కిలోలు వచ్చాయి. నీటి పంపకం మాత్రం అడుగులోనే ఉండిపోయింది. 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ తన తీర్పులో కృష్ణ నీటిని టీఎంసీల్లోనే పంచింది. ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు అన్న మాట అలాగే స్థిరపడింది. ఒప్పందాల్లో, తీర్పుల్లో ఎక్కిన ప్రమాణాన్ని మార్చడం కష్టం. అయినా అడుగు ఇప్పుడు స్వతంత్రంగా నిలబడిన ప్రమాణం కాదు. 1959 నుంచి అడుగు అంటే సరిగ్గా 0.3048 మీటరు. మీటరు అంటే శూన్యంలో కాంతి ఒక సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో పోయే దూరం. శ్రీశైలం గోడ మీది అడుగు కూడా చివరికి కాంతి వేగం మీదే ఆధారపడి ఉంది.

బచావత్ తీర్పులో భౌతికశాస్త్రానికి తోడు సంభావ్యత కూడా ఉంది. కృష్ణలో పంచదగ్గ నీరు 2,060 టీఎంసీలు అన్నది 78 ఏళ్ళ ప్రవాహాల నమోదులను చూసి, నూటికి డెబ్బయి ఐదేళ్ళు అంతకు తగ్గకుండా వస్తాయని తేల్చిన సంఖ్య. అంటే నాలుగేళ్ళలో ఒక ఏడు తక్కువ పడవచ్చునని తీర్పే ఒప్పుకుంది. ఆ నాలుగో ఏడు మొదట ఎండేది తోక చివరి పొలాలే.

వానకు వద్దాం. వానను మిల్లీమీటర్లలో చెప్పడం చాలామందికి వింతగా ఉంటుంది. నీటిని లీటర్లలో కదా కొలవాలి? పడిన నీటిని పడిన వైశాల్యంతో భాగిస్తాం కనుక పొడవు మిగులుతుంది. చదరపు మీటరు మీద ఒక లీటరు పడితే ఒక మిల్లీమీటరు. ఎకరం మీద ఒక మిల్లీమీటరు అంటే 4,047 లీటర్లు. వర్షమాపకం మూతి ఎంత వెడల్పున్నా ఫలితం ఒకటే కావడానికి కారణం ఈ భాగహారమే. మన దేశంలో చాలాకాలం వాడిన సైమన్స్ వర్షమాపకం మూతి అయిదు అంగుళాలు, అంటే 127 మిల్లీమీటర్లు. దానిలో 12.7 మిల్లీలీటర్లు చేరితే ఒక మిల్లీమీటరు వాన. ఉదయం ఎనిమిదిన్నరకు చదివి, గడచిన ఇరవై నాలుగు గంటల వానగా రాస్తారు. 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడిన రోజునే వాతావరణ శాఖ వాన రోజుగా లెక్కిస్తుంది. ఈ వింత సంఖ్య అంగుళంలో పదో వంతు నుంచి వచ్చింది. మెట్రిక్‌లోకి మారినా పాత కొలత నీడ మిగిలింది.

వానను కొలిచి పన్ను, పంట లెక్కించడం ఈ గడ్డకు కొత్త కాదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం కోష్ఠాగారం ముందు మూర వెడల్పు మూతి ఉన్న పాత్ర పెట్టి వానను కొలవమంది. పొడి నేలలకు 16 ద్రోణాలు, తడి నేలలకు అంతకు ఒకటిన్నర రెట్లు అని దేశాలవారీగా వానను రాసింది. అందులో అశ్మక దేశానికి పదమూడున్నర ద్రోణాలు. అశ్మకం నేటి తెలంగాణలోని బోధన్ ప్రాంతం. మూతి వైశాల్యం స్థిరంగా ఉంచి ఘనపరిమాణం చెప్పినా లోతు చెప్పినట్టే. భావం ఒకటే, ప్రమాణం వేరు.

సీమ రైతు మాత్రం మిల్లీమీటర్ల జోలికి పోడు. వాన వెలిసిన మర్నాడు చేనుకు పోయి, గడ్డపారతోనో కొడవలితోనో మన్ను తవ్వి, పదును ఎంత లోతు దిగిందో చూస్తాడు. జానెడు పదునైతే బుడ్డలు (వేరుశనగ) విత్తవచ్చు, బెత్తెడైతే ఆగాలి. చదువుకున్నవారు దీన్ని మోటు కొలతగా చూస్తారు. నా దృష్టిలో ఇది శ్రద్ధగల కొలత. వర్షమాపకం కొలిచే రాశి వేరు, ఇది కొలిచే రాశి వేరు. వర్షమాపకం ఆకాశం నుంచి ఎంత వచ్చిందో చెబుతుంది. పదును నేల ఎంత పట్టుకుందో, విత్తనానికి ఎంత అందుతుందో చెబుతుంది.

రెంటి మధ్య సంబంధాన్ని ఒక చిన్న సూత్రంగా రాయవచ్చు. వాన లోతును, ఎండిన మన్ను తన ఘనపరిమాణంలో ఎన్నో వంతు నీరు పీల్చుకోగలదో ఆ వంతుతో భాగిస్తే, పదును లోతు వస్తుంది. ఉదాహరణకు గరుసు కలిసిన ఎర్రనేల పదో వంతు పీల్చుకుంటుందనుకుందాం. 22 మిల్లీమీటర్ల వానకు పదును 220 మిల్లీమీటర్లు, అంటే జానెడు దిగుతుంది. కోయిలకుంట్ల, నంద్యాల వైపు నల్లరేగడి అయిదో వంతు పీల్చుకుంటుందనుకుంటే అదే వానకు పదును అందులో సగమే. ఒకే వాన, ఒకే మిల్లీమీటర్లు, రెండు చేలల్లో రెండు ఫలితాలు. కానీ నల్లరేగడి ఆ నీటిని చాలా రోజులు పట్టి ఉంచుతుంది, అందుకే వానలు వెనకబట్టాక కూడా ఆ నేలలో శనగ పండుతుంది. వేసవిలో ఆ నేల నెర్రెలిచ్చి ఉంటే తొలి వాన నీరు నెర్రెల్లోంచి నేరుగా కిందికి పోయి మన సూత్రాన్ని తలకిందులు చేస్తుంది. వాన జోరుగా వచ్చి పైపైన పారిపోతే సూత్రం ఇంకా చెడుతుంది. సూత్రం ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో తెలియడం కూడా కొలత శాస్త్రంలో భాగమే.

వర్షమాపకం చెప్పే సంఖ్యకు ఇంకో పరిమితి ఉంది. దాని మూతి వైశాల్యం 127 చదరపు సెంటీమీటర్లు. మూడు వందల చదరపు కిలోమీటర్ల మండలానికి ఒకటే ఉందనుకోండి. మండలం వైశాల్యంలో అది సుమారు రెండు వేల నాలుగు వందల కోట్లలో ఒక వంతు. జల్లులుగా, పాయలుగా పడే సీమ వానను ఇంత చిన్న మూతితో పట్టి, మండలమంతా ఇంతే కురిసిందని రాస్తాం. ఆదోని, ఆలూరు, పత్తికొండ ప్రాంతాల్లో ఒక ఊరు తడిసి పక్క ఊరు ఎండిపోవడం కొత్త సంగతి కాదు. వాన లెక్క మీద పంటల బీమా పరిహారం ఆధారపడినచోట, పరికరం ఉన్న ఊరి వానకు పక్క ఊరి రైతు జవాబుదారీ అవుతాడు. ఇందులో పరికరం తప్పేమీ లేదు, అది తన మీద పడిన వానను సరిగానే చెబుతోంది. లోపం నమూనా చాలకపోవడంలో ఉంది. దీనికి మందు ఇంకా ఖరీదైన వర్షమాపకం కాదు, ఇంకా ఎక్కువ వర్షమాపకాలు.

నేల కొలతలోనూ ఈ ప్రాంతానికి చరిత్ర ఉంది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన దత్తమండలాల్లో థామస్ మన్రో చేయించిన చేనుచేను సర్వేలో 33 అడుగుల గొలుసు వాడారు. 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు అంటే 1,089 చదరపుటడుగులు, ఒక గుంట. నలభై గుంటలైతే 43,560 చదరపుటడుగులు, సరిగ్గా ఒక ఎకరం. లెక్క చక్కగా తెగేలా ఎంచుకున్న గొలుసు అది. కానీ వాడగా వాడగా లంకెలు సాగి గొలుసు నాలుగు అంగుళాలు పెరిగిందనుకోండి. పొడవులో నూటికి ఒక పాలు తప్పు. వైశాల్యంలో నూటికి రెండు పాళ్ళు. సాగిన గొలుసు నేలను తక్కువ చేసి చూపుతుంది, శిస్తు తగ్గుతుంది. కుదించిన గొలుసు ఎక్కువ చేసి చూపుతుంది, రైతు మునుగుతాడు. ఎన్నిసార్లు కొలిచినా ఒకేవైపుకు లాగే ఇలాంటి దానిని క్రమదోషం అంటారు. సగటు తీస్తే పోయేది కాదు. గొలుసును ప్రమాణంతో సరిచూస్తేనే పోతుంది. మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆయన కొలిపించిన చేల హద్దుల మీద తగవులు మాత్రం ఆయనతో పోలేదు.

పత్తికొండకు దక్షిణాన గుత్తి ఉంది. 1811లో విలియం లాంబ్టన్ అక్కడ తన త్రికోణమితి సర్వేకు ఒక ఆధారరేఖను కొలిచాడు. ఆయన దృష్టి శిస్తు మీద లేదు. భూమి ఎంత పెద్దదో, ఏ ఆకారంలో ఉందో తేల్చాలన్నది ఆయన పని. వాడినది వంద అడుగుల ఉక్కు గొలుసు. ఉక్కు వేడికి సాగుతుంది: వంద అడుగులకు ఒక్క సెల్సియస్ డిగ్రీకి 0.35 మిల్లీమీటరు. తెల్లవారుజామున ఒక ఉష్ణోగ్రత, మిట్టమధ్యాహ్నం దానికి ఇరవై డిగ్రీలు ఎక్కువ. సీమ వేసవిలో ఇంత తేడా అరుదేమీ కాదు. గొలుసు ఏడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. పది కిలోమీటర్ల రేఖను కొలవడానికి గొలుసును 328 సార్లు పరచాలి; తప్పు పోగుపడి 2.3 మీటర్లవుతుంది. అందుకే లాంబ్టన్ గొలుసును చెక్కపెట్టెల్లో నీడన పరచి, ఒకే బరువుతో లాగి, పక్కన ఉష్ణమాపకాలు పెట్టి, ప్రతి కొలతకూ వేడి దిద్దుబాటు చేశాడు. అలా తేల్చవలసినది ఒక్క అక్షాంశ డిగ్రీ పొడవు; ఈ ప్రాంతంలో అది 110.6 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. ఫ్రాన్సులో డెలాంబ్ర్, మెషాన్ మీటరును నిర్ణయించడానికి అంతకు రెండు దశాబ్దాల ముందు చేసినది కూడా ఇదే తరహా పని.

తూకం సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల వేట మొదలవుతుంది. వజ్రాన్ని క్యారెట్లలో తూచుతారు. 1907 నుంచి మెట్రిక్ క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు. అంతకు ముందు ఊరికొక క్యారెట్ ఉండేది, ఎందుకంటే దాని మూలం చెట్టు గింజ. మన గురిగింజ తూకంతోనూ అదే చిక్కు. ఏ రెండు గింజలూ ఒక బరువు తూగవు. పాత తులం 11.66 గ్రాములు, నేటి బంగారం అంగట్లో తులం అంటే పది గ్రాములు. అడిగి తెలుసుకోకపోతే ఆరింట ఒక వంతు తేడా. చివరికి కిలోగ్రాముకే ఆధారం మార్చవలసి వచ్చింది. పారిస్ దగ్గర భద్రపరచిన ప్లాటినం-ఇరిడియం దిమ్మ స్థానంలో 2019 మే 20 నుంచి ప్లాంక్ స్థిరాంకం ఆధారమైంది. ఆ దిమ్మకు మన దేశపు నకలు, 57వ నంబరుది, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉంది.

కర్నూలు, కడప జిల్లాల ఉన్నత పాఠశాలల భౌతికశాస్త్ర ఉపాధ్యాయులకు ఒక విన్నపం. నిలువు గోడలు, చదునైన అడుగు ఉన్న ఒక పాత్ర, ఒక స్కేలు, ఒక నోటుబుక్కు చాలు. చెట్లకు, గోడలకు వాటి ఎత్తుకు రెండింతల దూరంలో, నేల నుంచి ముప్పై సెంటీమీటర్ల ఎత్తులో పాత్ర మూతి ఉండేలా పెట్టించండి. పిల్లలు రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు వాన కొలిచి, పక్కనే ఒక చేనులో పదును లోతు కూడా కొలిచి, రెండూ పక్కపక్క గడుల్లో రాయాలి; స్కేలు ఎంతవరకు చదవగలదో అంతే రాయాలి. పక్క ఊరి బడితో నెలకోసారి నోటుబుక్కులు సరిచూసుకోవాలి. ప్రభుత్వ వర్షమాపకం లేని ఊళ్ళకు అయిదేళ్ళలో సొంత వాన లెక్క ఏర్పడుతుంది. నైరుతి వానలు జూన్‌లో మొదలవుతాయి. బడులు తెరిచేదీ జూన్‌లోనే.